వాలిపోయిన కట్ట

చిత్రగుప్తుడు మా తాత దగ్గర ఒక్క ఏడాది అటెండరుగా పనిచేసి ఉంటే యమలోకంలో ఇన్ని తప్పులు జరిగేవి కావు. ఒకరి బదులు ఇంకొకరిని తీసుకుపోవడం, తీసుకుపోవలసిన ముసలాయన్ని మరిచిపోయి మంచం మీద ఏళ్ళకు ఏళ్ళు వదిలేయడం, ఇవన్నీ రికార్డు రూము సరిగ్గా లేని ఆఫీసులో జరిగే పనులు. భూమ్మీద పుట్టిన కాగితాలన్నీ ఒక గదిలో పోసి, దీపం ఆర్పేసి, ఫలానా ఊరి ఫలానా ఏటి కాగితం తెమ్మంటే, అడిగినవాడు తుమ్మేలోగా తెచ్చి చేతిలో పెట్టేవాడు మా తాత. ఆంధ్రదేశంలో అలాంటివాడు ఇంకొకడు లేడు. ఒరిస్సాలో ఉంటే ఉండవచ్చు. అక్కడికి వెళ్ళి ఎవరూ చూడలేదు.

మా తాత పేరు దాలయ్య. బొబ్బిలికి బస్సు దూరంలో ఉన్న ఒక తాలూకా ఆఫీసులో రికార్డు అటెండరు. గుమస్తాలు వచ్చేవారు, వెళ్ళేవారు. తహసీల్దార్లు అంతకన్నా త్వరగా వెళ్ళేవారు. గది అక్కడే ఉంది, దాలయ్య అందులోనే ఉన్నాడు. అతని భార్య లక్ష్మణమ్మ బతికున్న రోజుల్లో, మొగుడు ఇంటికి వస్తే కలరా ఉండల వాసన వచ్చేదని, పక్కింటివాళ్ళు తమ ట్రంకుపెట్టె ఎవరో తెరిచారనుకునేవారని చెప్పేదట.

ఆ గది గోడల పొడవునా చెక్క బీరువాలు ఉండేవి. ఫిర్కాకి ఒక బీరువా. ఫిర్కా అంటే కొన్ని ఊళ్ళ గుంపు. బీరువాలో ఒక్కో ఊరికి ఒక్కో అర. అరలో కట్టలు పుస్తకాల్లా నిలబెట్టి ఉండేవి. కట్ట విప్పితే కాగితాలు. ఏ కాగితానికైనా దారి అదే: ఫిర్కా పట్టుకో, ఊరు పట్టుకో, ఏడు పట్టుకో, కట్ట విప్పు. ఎనిమిదో తరగతిలో రెండేళ్ళు కూర్చున్నవాళ్ళకి కూడా అర్థమయ్యే ఏర్పాటు.

కట్టలు మూడు రకాలు. ఎప్పటికీ ఉంచవలసిన వాటికి గుండ్రని అట్ట బిళ్ళ వేలాడేది. పదేళ్ళు ఉంచవలసిన వాటికి పలక బిళ్ళ. మూడేళ్ళు ఉంచి తగలబెట్టవలసిన వాటికి మూడు మూలల బిళ్ళ. భూమికి సంబంధించినవన్నీ గుండ్రని బిళ్ళలోకి వెళ్ళేవి. మేకలు చేలో పడిన తగవులు, తెగిన గట్లు, పాము కరిచి పోయినవాళ్ళు, ఏట్లో పడి పోయినవాళ్ళు, ఇవి మూడు మూలల బిళ్ళలోకి. భూమి చెక్క కన్నా మనిషి చవక అని సర్కారువారు ఎక్కడా రాయలేదు కానీ, బిళ్ళ చూస్తే తెలిసిపోయేది.

ఈ కట్టల్లోంచి కొన్నిటిని ఏరి తీయమంటే దాలయ్యకు ఒక పద్ధతి ఉండేది. గదంతా రెండు తడవలు తిరిగేవాడు. మొదటి తడవలో ఒక్క కట్ట కూడా లాగడు. కావలసిన కట్టల బిళ్ళల్ని మాత్రం బయటికి తిప్పి వదిలేస్తాడు. రెండో తడవలో అర చివరినుంచి వెనక్కి వస్తూ, బిళ్ళ తిప్పినవి ఒక్కొక్కటే లాగుతాడు. ఎందుకంటే చూసింది చూసినట్టు లాగేస్తే, పక్కనున్న కట్ట ఆ సందులోకి వాలిపోతుంది. చెయ్యి అలవాటు చొప్పున జానెడు ముందుకు జరుగుతుంది. వాలిపోయిన కట్ట చేతికి వెనకే ఉండిపోతుంది. ఒకటి తీస్తే ఒకటి తప్పిపోతుంది.

ఈ పద్ధతి ఆఫీసులో వదిలి ఇంటికి వస్తే బాగుండేది. సంతలో వంకాయలు కొనడానికి వెళ్ళినా ఇంతే. నచ్చిన కాయల తొడిమలు తనవైపు తిప్పుకుంటూ రాశి చివరిదాకా వెళ్ళేవాడు, మళ్ళీ చివరినుంచి ఏరుకుంటూ వచ్చేవాడు. అమ్మే జగ్గమ్మ నెత్తి కొట్టుకునేది.

"ఏటి దాలయ్యా, వంకాయలకి పెళ్ళిసూపులు సూస్తన్నావేటి? తీసుకుంటే తీసుకో, నేకపోతే ఎల్లు. ఎనక జనం ఉన్నారు."

"ఉంటారు. ఆళ్ళకి పుచ్చులు మిగల్సాను కదా, మరేటి బాధ?"

చినబాబు దాలయ్య ఒక్కగానొక్క కొడుకు. అతనికి కాగితాలంటే పడదు. నీలవేణిని పెళ్ళి చేసుకుని, అత్తవారి ఊరిలోనే బావమరిది ఎల్లాజీతో కలిసి గోగు వేసేవాడు. ఆ ఊరు ఇదే తాలూకాలో, వేగావతి ఏటికి అవతలి ఒడ్డున ఉంది. పెళ్ళయి ఏడాది తిరగలేదు. పంతొమ్మిది వందల అరవై నాలుగు కార్తీకంలో గోగు కోసి, కట్టలు కట్టి, నార ఊరడానికి ఏటి మడుగులో వేసి, పైన రాళ్ళు పెట్టారు. తుపాను పట్టింది. ఏరు పొంగితే రాళ్ళు దొర్లిపోయి పంటంతా కొట్టుకుపోతుందని చినబాబు నీళ్ళలోకి దిగాడు. గోగు కట్టలు కొన్ని ఒడ్డున పడ్డాయి. చినబాబు కింది ఊరి రేవులో తేలాడు.

కబురు అందేసరికి ఏరు దాటే వీలు లేదు. నీళ్ళు తగ్గి దాలయ్య అవతలికి చేరేసరికి పంచనామా అయిపోయింది, పూడ్చడమూ అయిపోయింది. ఎల్లాజీ మట్టి కుప్ప చూపించాడు. దాలయ్య చూశాడు. ఎవరో టీ ఇస్తే తాగాడు. తిరుగు బస్సు ఎప్పుడని అడిగాడు.

ఊరివాళ్ళు అతనిది రాతి గుండె అన్నారు. కొంతమంది అతను వినేలాగే అన్నారు. దాలయ్యకు అది తిట్టులాగా అనిపించలేదు, మెచ్చుకోలులాగా కూడా అనిపించలేదు. వాళ్ళు పక్కింటి ఆవు గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంది. అన్నం తినేవాడు, ఉప్పు తక్కువైందో ఎక్కువైందో తెలిసేది కాదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు చూసుకునేవాడు.

కొన్నాళ్ళకి ఆ పంచనామా కాగితం తపాలులో ఆఫీసుకే వచ్చింది. అది వెళ్ళవలసిన చోటు రికార్డు రూము. అప్పటి హెడ్డు గుమస్తా దాన్ని తనే పట్టుకుని వచ్చాడు.

"దాలయ్యా, ఇది నేను కట్టేస్తాను. నువ్వు బయట కూర్చో."

"ఎందుకు బాబూ? మీకు ముడి రాదు."

దాలయ్య కాగితం అందుకున్నాడు. కంతలు పొడిచాడు. అరవై నాలుగు కట్ట విప్పి, చివర పెట్టి, తాడు బిగించి, ఎప్పుడూ వేసే ముడే వేశాడు. కూడబలుక్కుని చదవడం అతనికి వచ్చు. చదవలేదు. కోడలి ఊరి అరలో, అరవై మూడుకీ అరవై అయిదుకి వదిలిన చోటుకీ మధ్య నిలబెట్టాడు. మూడు మూలల బిళ్ళ కిందికి వేలాడింది. తరవాత ఇంకో కట్ట తీసుకున్నాడు.

నీలవేణి పురిటికి పుట్టింట్లో ఉండి, ఆడపిల్లను కని, ఆ పిల్లను చంకనేసుకుని మామగారి ఇంటికి వచ్చేసింది. "మావకి గెంజి కాసీవోల్లు నేరు" అంది. అంతకన్నా కారణం ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, చినబాబు మాట ఎత్తేవారు కాదు. ఆ పసిగుంట ఏడ్చేది, నవ్వేది, పాకేది. ఇంట్లో చప్పుడు చేసేది అదొక్కతే.

అరవై ఎనిమిది వేసవి చివర రికార్డు రూము కప్పు కారడం మొదలైంది. హెడ్డు గుమస్తా మారిపోయి జగన్నాధం గారు వచ్చి ఉన్నారు. విజయనగరం మనిషి. నోట్లో ఎప్పుడూ వక్కపొడి, మాటలో ఎప్పుడూ చిన్న వేళాకోళం. ఆయన గది అంతా చూసి, తలకాయ ఊపి, దాలయ్యతో అన్నారు:

"ఈ వానకి గుండ్రని బిళ్ళలు తడిస్తే మన ఉద్యోగాలు కూడా తడుస్తాయి. వాటిని పొడి బీరువాల్లోకి జరపాలి. జరపాలంటే చోటు కావాలి. మూడు మూలలవి గడువు తీరి ఏళ్ళయింది, ఇంకా ఎందుకు మేపుతున్నావయ్యా వాటిని? అరవై నాలుగు దాకా ఉన్నవన్నీ ఏరి తీసేయ్. ఎల్లుండి పెరట్లో పెట్టి తగలబెడదాం. జాబితా పైకి పంపించేశాను."

"సిత్తం" అన్నాడు దాలయ్య.

ఆ సాయంత్రం తల మీద బూజుతోనే అన్నానికి కూర్చున్నాడు.

"ఏటి మావా, ఇయాల గదిలో పడుకున్నావేటి? తలంతా సాలీళ్ళు" అంది నీలవేణి.

"తీసీ కట్టలు సూసినాను. ఎల్లుండి తగలెడతారు."

"ఏ కట్టలు?"

"మూడు మూలల బిళ్ళలు. అరవై నాలుగు దాకా."

నీలవేణి చేతిలో గరిటె ఆగింది. "దాకా అంటే? అరవై నాలుగు కూడానా?"

"అదీ కలిపే."

"మరి ఆయనది?"

దాలయ్య చారు పొయ్యమన్నట్టు కంచం చూపించాడు. ఆమె పొయ్యలేదు.

"తెచ్చీ మావా. ఒక్క కాయితం. ఇంటికి తెచ్చీ."

"ఆపీసు కాయితం ఇంటికి రాదు."

"ఓలమ్మా! పొయ్యిలో ఎట్టీ కాయితమే కదా. దాన్ని మనిసికిస్తే ఆపీసుకి ఏటి పోతాది?"

"ఇరవై ఏళ్ళు అందులో ఉన్నాను. ఒక్కటి తేలేదు. ఇప్పుడు నా కొడుకుదని తెత్తే, రేపు ఇంకోడు ఆడి కొడుకుదని తీసుకెళ్తాడు. అప్పుడు అది గదేటి, సంతేటి?"

నీలవేణి పొయ్యి దగ్గరకు వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. అటు తిరిగే మాట్లాడింది.

"పెళ్ళిలో పొటో తియ్యలేదు. తరవాత తీయించుకుందామన్నాడు. మావా, నాకు ఆ మనిసి మొకం సరిగ్గా గేపకం రాట్లేదు. మాటొస్తాది, నడకొస్తాది. మొకం రాదు. ఎల్లాజీ అన్న సెప్పినాడు, ఆ పంచనామాలో నెత్తి కాడనుంచి కాలి వేళ్ళ దాకా అన్నీ రాసినారట, ఆడే దగ్గరుండి రాయించినాడట. అక్కడ ఉన్నాదిలే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటాను అనుకున్నాను. రేపు ఈ గుంట నన్ను కన్న బాబు ఎలాగుంటాడే అంటే ఏటి సెప్పను?"

దాలయ్య చారు లేకుండానే ముద్ద కలుపుకున్నాడు. ఆ మాటలు అతనికి వినబడ్డాయి. గోడ అవతల ఎవరో ఎవరికో చెబుతున్నట్టు వినబడ్డాయి. తనకి కొడుకు ముఖం గుర్తుందో లేదో ఒకసారి చూసుకుందామనుకున్నాడు. చూసుకోలేదు.

"నకలుకి అర్జీ ఎట్టుకో. అది సేస్తారు" అన్నాడు లేచి చెయ్యి కడుక్కుంటూ.

మర్నాడు ఎల్లాజీ ఏరు దాటి వచ్చి అర్జీ రాశాడు. నీలవేణి దాన్ని పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. జగన్నాధం గారు ఆమెకు బల్ల చూపించి కూర్చోమన్నారు. అర్జీ చదివి, వక్కపొడి నమలడం మానేశారు.

"అమ్మా, తగలబెట్టే జాబితాలో ఉన్న కట్టని మధ్యలో విప్పకూడదు. రేపు ఆ పని అయిపోయాక కట్ట ఉంటే నకలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు."

"అయిపోనాక ఉంటాదా బాబూ?"

"ఉండదమ్మా."

ఆమె అర్జీ మడిచి రవికలో పెట్టుకుంది. బయట వరండాలో బిళ్ళలకు దారం ఎక్కిస్తున్న మామగారి వైపు చూసింది. అతను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు.

తగలబెట్టే రోజున పొద్దుటినుంచి ఉక్క. పెరట్లో గొయ్యి తవ్వి ఎండుటాకులతో మంట రాజేశారు. బంట్రోతు నూకయ్య గది గుమ్మం దగ్గర గంప పట్టుకుని నిలబడ్డాడు. దాలయ్య లాగి ఇవ్వాలి, నూకయ్య మోసుకెళ్ళి మంటలో వెయ్యాలి. నీలవేణి కూడా వచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్టు మీద, గంప వెళ్ళే దారి పక్కనే కూర్చుంది. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు.

దాలయ్య మొదటి బీరువా దగ్గర తన పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాడు. అన్ని అరల్లోనూ బిళ్ళలు తిప్పాడు. చివరనుంచి వెనక్కి వస్తూ లాగాడు. రెండో బీరువా. మూడోది. ఒక్క కట్ట తప్పలేదు. గంపలు వెళ్తూనే ఉన్నాయి.

"అన్నా, బేగి కానీ. నిప్పుకి ఆకలేస్తంది" అన్నాడు నూకయ్య. "నువ్విలా బిళ్ళలు ముద్దుసేస్తా కూకుంటే నాను మద్దేనం అన్నం మంట మీదే ఒండుకోవాల."

మంచి కాగితాలు బాగా మండుతున్నాయి. చెదలు పట్టినవి పొగ పెడుతున్నాయి. ఒక్కో గంప తన ముందునుంచి వెళ్ళినప్పుడు నీలవేణి మెడ చాచి చూస్తోంది. ఆమెకు చదువు రాదు. మూడు మూలల బిళ్ళలు తప్ప ఆమెకు ఏమీ తెలియదు, గంపలో ఉన్నవన్నీ మూడు మూలలవే.

"నూకయ్య మావా, ఇది మా ఊరిదా?"

"నాకేటి తెలుసమ్మా. ఆడు లాగుతాడు, నాను మోస్తాను."

ఎండ మాయమైంది. పడమట మబ్బు కాటుకలా లేచింది. జగన్నాధం గారు పెరట్లోంచి గబగబా గదిలోకి వచ్చారు.

"దాలయ్యా, వాన దంచేలా ఉంది. సగం గది ఇంకా అలాగే ఉంది. ఏమిటి, అదే అరకి రెండుసార్లు వెళ్తున్నావు?"

"బిళ్ళ తిప్పడానికోసారి, లాగడానికోసారి బాబూ."

"ఇప్పుడు ఆ ముచ్చట వద్దు. చూసింది చూసినట్టు లాగేయ్. ఒకే తడవ."

"అలా లాగితే పక్కది వాలిపోతాది. సెయ్యి దాన్ని దాటేస్తాది. సగం మిగిలిపోతాయి."

"మిగిలితే మిగలనీవయ్యా! సగం ఖాళీ అయితే చాలు నాకు, గుండ్రని బిళ్ళలు పెట్టుకోవడానికి. మిగిలినవి వచ్చే వేసవిలో చూద్దాం. గదిలోకి నీళ్ళు వచ్చాక నీ పద్ధతిని పడవ చేసుకుని తిరుగుతావా?"

"సిత్తం" అన్నాడు దాలయ్య.

ఆ మాట నిజమే మరి. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వాన వస్తోంది, చోటు కావాలి. దాలయ్య నాలుగో బీరువా ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యని విధంగా పని మొదలుపెట్టాడు. లాగు, జానెడు జరుగు, లాగు, జానెడు జరుగు. లాగిన ప్రతిచోటా పక్క కట్ట మెల్లగా వాలుతోంది. చెప్పినట్టే చెయ్యి దాన్ని దాటుతోంది. వాలిన కట్టలు మోకాళ్ళ మీద తల పెట్టుకున్న మనుషుల్లా ఉండిపోతున్నాయి. చేతికి ఇది కొత్త. చేతికి బాగోలేదు. మనిషికి మాత్రం ఏమీ అనిపించలేదు.

అయిదో బీరువాలో వేగావతి అవతలి ఊళ్ళు. పై అరనుంచి దిగుతూ వచ్చాడు. కోడలి ఊరి అర వచ్చింది. అరవై ఒకటి లాగాడు. అరవై రెండు వాలింది. చెయ్యి జరిగి అరవై మూడు మీద పడింది.

అక్కడ చెయ్యి ఆగింది. ఎంతసేపు అనేది ఎవరూ చూడలేదు. నూకయ్య గంప దించడానికి పెరట్లోకి వెళ్ళి ఉన్నాడు. అరవై మూడు లాగకపోతే వాలేది ఉండదు, చెయ్యి జానెడు జరిగి అరవై నాలుగు మీదనే పడుతుంది. లాగితే అరవై నాలుగు వాలిపోతుంది. కానీ అరవై మూడు లాగకుండా వదలమని ఎవరూ చెప్పలేదు. దానికీ మూడు మూలల బిళ్ళే, దాని గడువూ తీరింది. దాలయ్య లాగాడు.

అరవై నాలుగు కదిలి, ఖాళీలోకి వాలి, అరవై రెండుకి ఆనుకుంది. తాడు ముడి పైకి కనబడింది. చెయ్యి జానెడు జరిగి అరవై అయిదు దగ్గర ఆగింది. అది తీయవలసింది కాదు. ఆ అర అయిపోయింది.

తను వేసిన ముడి తనకు తెలుసు. వెనక్కి వెళ్ళి లాగవచ్చు, జానెడు దూరం. వెనక్కి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. దాలయ్య కింది అరకు వంగాడు.

అరవై మూడు ఉన్న గంపను నూకయ్య మోసుకుపోతుంటే నీలవేణి లేచి నిలబడింది. ఈసారి నూకయ్యను అడగలేదు. గుమ్మంలోకి వచ్చి, లోపల మసకలో మామగారి వీపు చూసింది.

"ఇదేనా మావా?"

వీపు పలకలేదు. ఆమె పెరట్లోకి వెళ్ళి, ఆ గంపలోని కట్టలు మంటలో పడడం, తాడు ముందు కాలి కట్ట విచ్చుకోవడం, కాగితాలు ఒక్కొక్కటే లేచి నల్లబడడం నిలబడి చూసింది. తరవాత పిల్లను భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఏడ్చిందని ఎవరూ చెప్పలేదు.

వాన పడింది. మంట చుయ్యిమంది. జగన్నాధం గారు తల మీద తువ్వాలు వేసుకుని గదిలోకి వచ్చారు.

"అయిపోయాయా?"

"ఒక తడవ అయిపోనాది బాబూ. దాటిపోయినవి ఉన్నాయి."

ఆయన బీరువాలకేసి చూశారు. మొదటి మూడింట్లో అరలు పళ్ళు రాలిన చిగుళ్ళలా నున్నగా ఉన్నాయి. తరవాతివాటిలో ఒకటి ఉండి, ఒకటి లేక, అన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"ఉండనీ. వచ్చే వేసవికి" అని, గుండ్రని బిళ్ళలు జరపడానికి పంచె ఎగ్గట్టుకున్నారు. దాలయ్యతో కలిసి ఆయన కూడా మోశారు.

తడిసి ఇంటికి వచ్చేసరికి వేడి అన్నం వండి ఉంది. నీలవేణి వడ్డించింది. చారు కూడా పోసింది. పిల్ల పళ్ళెం మీద చెంచాతో వాయిస్తోంది. సగం తిన్నాక దాలయ్య అన్నాడు:

"ఆ అర్జీ ఉన్నాదా?"

"ఏ అర్జీ?"

"నకలుది. రేపు ఎట్టు. కట్ట ఉన్నాది."

నీలవేణి అతనికేసి చూసింది. "ఇప్పుడు సెప్తున్నావా? మద్దేనం అడిగితే గొడ్డులాగ నిలబడిపోనావు. ఆ మంటంతా నాను ఆయనే అనుకుని సూసినాను కదా!"

ఆమె అడిగిన ప్రశ్న సరైనదే. అప్పుడు ఎందుకు చెప్పలేదో దాలయ్యకూ తెలియలేదు. వెతుకుదామనుకున్నాడు, ఎక్కడ వెతకాలో తోచలేదు. ఉప్పు కావాలన్నాడు. నీలవేణి ఉప్పు వేసి, గబుక్కున అటు తిరిగింది. అప్పుడు ఏడ్చింది.

జగన్నాధం గారు మాట తప్పలేదు. పని అయిపోయాక కట్ట ఉంది కాబట్టి నకలు ఇచ్చారు. తీసుకొచ్చిన రోజున ఎల్లాజీ అరుగు మీద కూర్చుని చదివాడు. నీలవేణి స్తంభానికి ఆనుకుంది. దాలయ్య వాకిట్లో ఇంటి పనికి తాడు పేనుకుంటున్నాడు.

"వయసు సుమారు ఇరవై నాలుగు. చామనచాయ. కోల ముఖం. నుదుట కుడివైపున పాత గాయపు మచ్చ. మీసము పలుచన..."

"పలుచనేటి! ఎంత ఒత్తుగా ఉండీది" అంది నీలవేణి.

"నీళ్ళలో నానిందే సెల్లీ, మరేటి సెయ్యమంటావు. ఇను. పలువరస సమముగా నున్నది. కుడి కాలి రెండవ వేలు బొటనవేలి కంటె పొడుగు."

నీలవేణి ఒక్కసారి నవ్వింది. నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. "అవును! కొత్త జోడు కొన్నాడంటే ముందు ఆ వేలే బయటకి వచ్చీది. తల బయటెట్టిన తాబేలులాగ."

"మొకం వచ్చిందేటి?" అని అడిగాడు ఎల్లాజీ.

ఆమె కళ్ళు మూసుకుని చూసింది. "కొంచిం. ఇంకోసారి సదువు."

ఎల్లాజీ ఇంకోసారి చదవకుండా ముందుకు వెళ్ళాడు. "రెండు చేతుల పిడికిళ్ళును మూసి యుండెను. విప్పి చూడగా రెంటిలోను గోగు పీచు కలదు."

వాకిట్లో తాడు పేనడం ఆగింది. తరవాత దాలయ్య మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. ఆ పూట తాడు వదులుగా వచ్చిందని, మర్నాడు విప్పేసి మళ్ళీ పేనాడని నీలవేణి చెబుతుంది. మరుసటి వేసవిలో మిగిలిన కట్టలన్నీ, అరవై నాలుగుతో సహా, రెండు తడవల పద్ధతిలో దాలయ్యే తీసి ఇచ్చాడు. అవన్నీ కాలిపోయాయి. నకలు ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఇది రాసిన మనవరాలి తీర్పు. దాలయ్య అరవై మూడు మీద చెయ్యి ఆపింది ఆలోచించడానికే. లాగితే అరవై నాలుగు వాలుతుందని తెలిసే లాగాడు. రూలు తప్పకుండా, అబద్ధం ఆడకుండా, హెడ్డు గుమస్తా చేతనే మార్గం చెప్పించుకుని కొడుకుని మంటలోంచి తప్పించిన తెలివి ఈ తాలూకాలో ఇంకెవరికీ లేదు. పైకి రాయిలా ఉంటాడు కానీ లోపల వెన్న.

ఇదంతా మొదటినుంచి చదివి వినిపిస్తే మా తాత చుట్ట ఆర్పకుండా విన్నాడు. వెన్న దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"ఒలే గుంటా, ఏటే నీ సోది? ఆ బీరువాలన్నిట్లో ఒకటి కాలింది, ఒకటి మిగిలింది. నీ బాబుదొక్కటే కాయితమైనట్టు రాసీసినావు. నాను లాగిన ఆ అరవై మూడులో కూడా ఎవులో ఒక గుంటకి బాబు ఉన్నాడు. ఆడి మొకం ఎలాగుండీదో సెప్పడానికి ఎవులూ నేరు. వెన్న నేదు, గిన్న నేదు. ముందు ఆడి గురించి రాయి."